గెలిచిన ఆట గురించి అల్లుడికి

మల్కాపురం,
విశాఖపట్నం.

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న మా డాబా మీద చింతపిక్కలతో ఆడిన పోకర్‌లో పక్కింటి మాస్టారిని ఊడ్చేశానని మీ అమ్మ దగ్గర గొప్పలు పోయావట. గెలిచావు, కాదనను. కానీ ఆ ఆట తప్పు ఆడావురా. ఓడిపోయుంటే నీకే తెలిసొచ్చేది. గెలిచావు కాబట్టి నేను చెప్పాల్సొస్తోంది.

నీ చేతిలో ఇస్పేటు ఆసు, ఇస్పేటు తొమ్మిది. ఇద్దరికీ ఉమ్మడిగా చాప మీద పడే ఐదు ముక్కల్లో మొదటి మూడు ఇస్పేటు రాజు, ఇస్పేటు ఆరు, ఆఠీను రెండు. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 60 పిక్కలుంటే మాస్టారు 30 వేశారు. నువ్వు 30 పెడితే 90 వస్తాయి, అంటే నాలుగింట ఒకసారి గెలవాలి. కనబడని ముక్కలు 47, వాటిలో ఇస్పేట్లు 9. ఐదింట ఒకటి కూడా పూర్తిగా లేదు. అయినా ఇంకో ఇస్పేటు వచ్చి ఫ్లష్, అంటే ఐదూ ఇస్పేట్లే, పడ్డాక ఆయన దగ్గర ఇంకో 37 పిక్కలు లాగగలిగితే లెక్క సరిపోతుంది. ఆయన ముందు 120 ఉన్నాయి. సరే, ఆయన వేసినంతే నువ్వూ వేసిన ఆ కాల్‌కి నేనేమీ అనను.

నాలుగో ముక్క కళావరు పది. మాస్టారు ఆ 120 మొత్తం తోసేశారు. ఇప్పుడు 240 కోసం నువ్వు 120 పెట్టాలి, మూడింట ఒకసారి గెలవాలి. ఇక లాగడానికి ఆయన దగ్గర పిక్క లేదు. ఐదో ముక్కగా, మిగిలిన 46 ముక్కలూ తలా ఒకసారి పడ్డాయనుకో. 9 సార్లు 240 చొప్పున 2160 వస్తాయి, 37 సార్లు 120 చొప్పున 4440 పోతాయి. కాల్ అన్న ప్రతిసారీ సుమారు 50 పిక్కలు సముద్రంలో పారబోసినట్టే.

ఆసు పడినా గెలుస్తా కదా అంటావు. కలుపుకో, 12 ముక్కలు, 26 శాతం. కావాల్సింది 33. పైగా ఆయన చేతిలో ఆసూ రాజూ ఉంటే ఆయనకి ఆసుల జతా రాజుల జతా రెండూ పడతాయి, నీ ఆసు దండగ. ఆయన చేతిలో రెండు రాజులుండి చాప మీది దానితో మూడైతే మరీ ఘోరం. ఇస్పేటు పదో రెండో పడగానే నీకు ఫ్లష్, ఆయనకి దాన్ని మించిన ఫుల్ హౌస్, అంటే మూడు రాజులూ ఒక జతా.

ఆడుతూ ఇంత లెక్క ఎవడు వేస్తాడంటావేమో. పనికొచ్చే ముక్కల్ని రెండుతో గుణించు, వచ్చే ఒక్క ముక్కకి శాతం ఇంచుమించు అదే. నాలుగుతో గుణించేది మాత్రం ఇంకేమీ పెట్టకుండా రెండు ముక్కలూ చూడగలిగినప్పుడే.

ఓడ ఎక్కిన కొత్తలో నేనూ ఇలాంటి కాల్‌తోనే ఒకసారి గెలిచా. ఆ గెలుపే నన్ను చెడగొట్టింది. ఇంటికొచ్చేసరికి మూడు నెలల జీతం ఇంజిన్ గది వాళ్ల జేబుల్లో ఉంది. మీ అత్తకి రెండు నెలలనే చెప్పాను, నువ్వు సరిదిద్దకు.

ఫోన్లో డబ్బు పెట్టి మాత్రం ఆడకు. మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటూ చట్టం చేసింది.

ఆదివారం రా. మాస్టారు కొత్త పిక్కలు ఎండబెడుతున్నారు.

మీ మావయ్య