ఈదురుగాలి చలిదా, వడిదా?

సందేహం: డిసెంబరులో తెల్లవారుజామున ఒళ్లు కోసే గాలిని మా అవ్వ 'ఈదురుగాలి' అనేది. టీవీలో మాత్రం మే నెల గాలివానకూ అదే మాట వాడుతున్నారు. ఏది సరి? ఇంకొకటి. మూడు రోజులుగా మా ఊరికి పట్టిన ముసురును 'రాయలసీమలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి వర్షాలు' అని తేల్చేశారు. ఇది ముసురంటే తెలియక అన్నమాటేనా?
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మొదటి ప్రశ్నలో మీ అవ్వ పక్షమే నాది. పాత నిఘంటువుల్లో 'ఈద', 'ఈదర' అంటే చలిగాలి. ఆ 'ఈదరగాలి'యే నోట్లో నలిగి 'ఈదురుగాలి' అయింది. దానికి వేగంతో పని లేదు, మెల్లగా వీచినా ఒళ్లు జలదరిస్తే చాలు.

మరి మే నెలలోకి ఎలా దూరింది? ఇది నా ఊహ. గాలివానకు ముందు, ఎంత మండుటెండ రోజైనా, ఒక చల్లటి గాలి విసురుగా వచ్చి తగులుతుంది. మబ్బులోంచి పడే చినుకులు కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి నలుదిక్కులకూ పరుచుకుంటుంది. అందులో చలువా ఉంది, వడీ ఉంది. జనం చలువను చూసి ఈదురుగాలి అన్నారు, వార్తలు రాసేవాళ్లు వడిని పట్టుకున్నారు. 'గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు' అనడం ఇప్పుడు ఎంత స్థిరపడిందంటే, వెనక్కి లాగడం ఎవరి తరమూ కాదు. అయితే చలికాలంలో చిక్కు వస్తుంది. చెప్పేవాళ్లు రేకులు లేచిపోయే గాలి అంటుంటే, వినే అవ్వ కంబళి వెతుక్కుంటుంది. ఆ నాలుగు నెలలైనా వేగానికి 'బలమైన గాలులు' అని రాసి, ఈదురును చలికి వదిలేస్తే బాగుంటుంది.

'ఒకటి రెండు చోట్ల' అన్నదాన్ని వేళ్ల మీద లెక్కపెట్టకండి. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు, అంతకన్నా తక్కువ చోట్ల పడేట్టుంటే వాతావరణ శాఖ వాడే మాట అది. 'నలుగురూ ఏమనుకుంటారు' అన్నప్పుడు మనం మాత్రం నలుగురినే లెక్కపెడుతున్నామా!

ఇక ముసురు. వాన 'పడింది' అంటాం. ముసురు 'పట్టింది' అంటాం, జలుబు పట్టినట్టు, దయ్యం పట్టినట్టు. సీమలో మబ్బుకూ ఇదే క్రియ: 'మోడం పట్టింది'. ముసురు అసలు క్రియ కూడాను. బెల్లం మీద ఈగలు ముసురుతాయి, సందెవేళ చీకట్లు ముసురుకుంటాయి, పంట చేతికి రాగానే అప్పులవాళ్లు ముసురుకుంటారు. చుట్టుముట్టి కదలకపోవడమే దాని అర్థం. ఎంత కురిసిందన్నది కాదు, ఎంతసేపు వదల్లేదన్నదే లెక్క.

వాతావరణ శాఖ కొలత వేరు. ఉదయం 8.30కి ముగిసే 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా పడితే తేలికపాటి వర్షం, 64.5 చేరితే భారీ వర్షం. అరగంటలో దబదబా కురిసి వెళ్లిపోయిన 12 మిల్లీమీటర్లకూ, పగలూ రేయీ నసపెట్టిన 12 మిల్లీమీటర్లకూ అక్కడ ఒకటే పేరు. కాబట్టి వాళ్లకు ముసురు తెలియక కాదు, గాజు కొలపాత్రలో ముసురు కనబడదు. రైతుకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. మొదటిది పదునుకు పనికొస్తుంది. రెండోది చెనిక్కాయ (వేరుశనగ) కట్టె వామి (కుప్ప) వేయనివాడికి కట్టెను నల్లబరుస్తుంది, పూత మీదున్న కందికి పురుగును తెస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి రెండు మూడు రోజులు మబ్బు కమ్ముతుందని తెలిసినప్పుడు, మిల్లీమీటర్ల మాటతో పాటు 'ముసురు పట్టవచ్చు' అని ఒక్క ముక్క చేరిస్తే టీవీవాళ్ల సొమ్మేం పోతుంది?

పట్టినది గనుకనే ముసురు 'విడిచింది' అంటాం. నడుమ కాసేపు ఆగితే 'తెరిపి ఇచ్చింది' అంటాం. ఆ తెరిపిలోనే గొర్రెలను మేతకు తోలుతారు, తడిబట్టలు తీగ మీదికెక్కుతాయి. వార్తల్లో దీని చోట వినబడేది 'వర్షాలు తగ్గుముఖం'. అది విని ఎవరూ గొర్రెలను తోలరు.