నాలుగు నెలల ప్రయాణంలో పెరుగన్నం

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలతో, మీ అత్తగారితో కలిసి నాలుగు నెలలు రాజస్థాన్, మనాలి, లేహ్ తిరిగి రావాలనుకోవడం బాగుంది. నువ్వు పంపిన సామాన్ల పట్టిక చూశాను. అందులో సగం తీసెయ్. మిక్సీ, ఇడ్లీ రేకులు, పది కిలోల బియ్యం మోసుకెళ్తే మిగిలేది నడుం నొప్పే. మూడో వారానికల్లా పిల్లలు పెరుగన్నం కోసం మారాం మొదలుపెడతారు. ముందు దాని సంగతి చూడు.

అరలీటరు పాలకు ఒక చెంచా తోడు. హైదరాబాద్ ఎండల్లో నాలుగైదు గంటల్లో గట్టిపడే పెరుగు, మనాలి చలిగదిలో తెల్లవార్లూ ఉంచినా పాలలాగే ఉంటుంది. అందుకని లీటరు హాట్‌బాక్స్ ఒకటి పట్టుకెళ్లు. అందులో వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి పారబొయ్యి. పాలలో చిటికెనవేలు ముంచి పది అంకెలు లెక్కపెట్టగలిగేంత వేడి ఉన్నప్పుడు తోడు కలిపి, మూత బిగించి, తువ్వాలు చుట్టి రజాయి మధ్యలో పెట్టు. అంతకన్నా వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. తోడుకోవట్లేదని ఇంకో రెండు చెంచాలు వేశావో, పుల్లగా నీళ్లునీళ్లుగా తయారవుతుంది. పెట్టాక కదపకు. తెల్లారి ఊరు మారేదుంటే ఆ రాత్రి తోడు పెట్టనే వద్దు. తోడుకి కొట్లో దొరికే చక్కెర లేని దహీ కప్పు చాలు. అదీ లేకపోతే ఎండుమిరపకాయ తొడిమలు నాలుగైదు గోరువెచ్చటి పాలలో వెయ్యి. మొదటిసారి జారుగా వస్తుంది, నోట పెట్టబుద్ధి కాదు. దాన్నే తోడుగా వాడితే రెండోసారికి కుదురుతుంది.

అన్నం దగ్గర ఇబ్బందంతా మీ అత్తగారికే. అటు ఎక్కువగా కనిపించే బాస్మతి పొడిపొడిగా ఉండి పెరుగులో కలవదు. గ్లాసు బియ్యానికి మూడు గ్లాసుల నీళ్లు పోసి, దించిన వెంటనే గరిటెతో మెదిపి, వేడిమీదే కాసిని పాలు కలుపు.

కుక్కర్ మూడు లీటర్లది చాలు, ఇండక్షన్ అడుగు ఉన్నది చూసుకో. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకు పోదు. గంటసేపు నానబెట్టి, ఇక్కడికన్నా రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వు. ఇండక్షన్ పొయ్యి వాడేముందు గెస్ట్‌హౌస్ వాళ్లని అడుగు. 6 ఆంపియర్ల సాకెట్టు మోసేది 1,300 వాట్ల పైచిలుకే, 2,000 మీద పెడితే ఫ్యూజు పోతుంది, ఓనరు ముఖం మాడుతుంది. 1,200 దాటించకు. రైల్లో ఛార్జింగ్ పాయింటుకి మాత్రం కెటిల్ కూడా పెట్టొద్దు, నిషేధం.

ఆవకాయ సీసాలో నూనె పైకి తేలి ఉండాలి, ఆ పైన వేలెడు ఖాళీ వదులు. మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, రెండు జిప్ కవర్లలో పెట్టు. విమానమైనా, మనాలి నుంచి లేహ్‌కి రోడ్డైనా, ఎత్తుకి పోయేకొద్దీ సీసాలో గాలి ఉబ్బి నూనెని మూత సందుల్లోంచి తోసేస్తుంది. రోడ్డున వెళ్తే కనుమ ఎక్కాక ఒకసారి మూత వదులు చేసి మళ్లీ బిగించు. విమానమైతే పచ్చడి చెకిన్ పెట్టెలోకే. ఎండుకొబ్బరి చిప్పలు మాత్రం ఆ పెట్టెలో వెయ్యకు, నూనె ఎక్కువ కాబట్టి అంటుకునే ప్రమాదం ఉందని తీయించేస్తారు.

కందిపొడి అరకిలో. వెల్లుల్లి వద్దు, తడి మిగిలి వాసన పడుతుంది. పప్పు సన్నసెగ మీద లోపలిదాకా వేగాలి. పూర్తిగా చల్లారాకే సీసాకెత్తు, లేకపోతే మూతకి చెమ్మ పట్టి పొడి ఉండలు కడుతుంది. పోపు డబ్బాలో కరివేపాకు నీడన ఎండబెట్టింది ఒక గుప్పెడు పడెయ్.

ఉస్మానియా బిస్కెట్లు మీరు ఎన్ని కొన్నా మొదటి వారమే అయిపోతాయి. ఆ తర్వాత ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి చాయే. పాలూ డికాక్షనూ వేరువేరుగా కాచే ఇరానీ చాయ్ లాడ్జి గదిలో కుదరదు, పాలు పొంగి పొయ్యి పాడవుతుంది.

చిన్నదాని దిండు గలీబు ఉతక్కుండా తీసుకెళ్లు. కొత్త మంచం మీద ఆ వాసనే దాన్ని నిద్రపుచ్చుతుంది. ప్రయాణం మధ్యలో పొరపాటున లాండ్రీకి వెయ్యకు.

బేగంబజార్ వెళ్లినప్పుడు కుక్కర్‌కి గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ ఒక్కోటి అదనంగా కొను, కొండల్లో సరైన సైజు దొరకడం కష్టం. కొన్నవి మీ కుక్కర్‌కే పెట్టి, ఒక విజిల్ రానిచ్చి చూశాకే పెట్టెలో సర్దు.

మీ పెద్దమ్మ,
మలక్‌పేట