మెట్లు, వాటి ముక్కులు

సందేహం: గాంధీరోడ్డులో ఒక చెప్పుల అంగట్లో పనిచేస్తున్నాను. పెట్టెల మీద పాయింటెడ్ టో, రౌండ్ టో, స్క్వేర్ టో, ఆమండ్ టో అని ఉంటుంది. తెలుగులో రాయమంటే ‘చతురస్రాకార పాదాంగుళి’ అని రాశాను. సరేనా? మా అవ్వ చెప్పుల్ని మెట్లు అంటుంది. మోటు మాటని నేను వాడను.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ముందు అవ్వ మాట తేల్చుకుందాం తల్లీ. మెట్లు మోటు మాటని ఎవరు చెప్పారు నీకు? మెట్టడమంటే కాలు మోపడం, తొక్కడం. కాలు మోపే రాయి మెట్టు, కాలికి తొడిగేదీ మెట్టే. కొత్తకోడలు అడుగుపెట్టిన ఇల్లు మెట్టినిల్లు. కాలివేలి మెట్టెనూ ఈ కుదురులోనే చేరుస్తారు. కన్నడంలోనూ మెట్టు అంటే తొక్కడమూ, చెప్పూ. (మెట్టచేను సంగతి వేరు.) అలిపిరిలో మెట్లు విడిచి 3,550 మెట్లెక్కే ఊరివాళ్లం, ఈ మాటను మనమే వదులుకుంటే ఎలా? అక్కడి పాదాలమండపంలో చూడు, స్వామి ఇత్తడి పాదరక్షల్ని నెత్తిన పెట్టుకుని భక్తులు ప్రదక్షిణ చేస్తుంటారు. చిన్నతనంలో అన్నమయ్య చెప్పులతో కొండెక్కుతూ సొమ్మసిల్లితే, అలమేలుమంగ కనబడి వాటిని విడిచి ఎక్కమందని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. కాలి కింది వస్తువుకు ఇంత కథ ఉన్న చోట దాని పేరు మోటెలా అవుతుంది?

చెప్పు కూడా మనదే, తమిళుల చెరుప్పుకు తోబుట్టువు. జోడంటే జత, అంతే.

ఇక నీ టో. పాదాంగుళి అంటే కాలివేలు. నువ్వు చెప్పాల్సింది బూటు కొస గురించి. మూతి అందామంటే, చెంబుకైనా కూజాకైనా తెరుచుకున్న చోటే మూతి. అది కాలు దూర్చే వైపుకు నప్పుతుంది. నా మొగ్గు ముక్కుకే. కోటేరు ముక్కు, చప్పిడి ముక్కు, గద్ద ముక్కు అని రూపాన్ని బట్టి పేర్లు పెట్టుకున్న భాష మనది. పాయింటెడ్ అయితే మొనదేలిన ముక్కు. రౌండ్ గుండ్రటి ముక్కు. ఆమండ్ బాదం ముక్కు, బాదంపప్పు కొసలా మెల్లగా సన్నబడుతుంది గనక. స్క్వేర్‌కు చతురస్రం అసలు కుదరదు. చతురస్రానికి నాలుగు సమాన భుజాలుండాలి. ఆ బూటును బల్లమీద పెట్టి పైనుంచి చూడు: కొస ఒక్కటే అడ్డంగా తెగ్గోసినట్టుంటుంది. అది మొండిముక్కు. మొండి అంటే బేరం చెడుతుందనుకుంటే చదరపు ముక్కు అని రాసుకో, కాదనను. ‘ఆకార’ అనే తోక మాత్రం దేనికీ తగిలించకు.