పాఠకుల ప్రశ్నలు: వార్‌హ్యామర్ నవలల్లోకి ఎటునుంచి దిగాలి?

బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధక్రీడ వార్‌హ్యామర్ 40,000. నాటింగ్‌హామ్‌లో ఉండే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1987లో దాన్ని తెచ్చింది. ఆ ఆట చుట్టూ అల్లుకున్న కథాలోకం మీద కంపెనీ ప్రచురణ విభాగం బ్లాక్ లైబ్రరీ వందల కొద్దీ నవలలు వేసింది. ఈసారి ఉత్తరాలన్నీ వాటి గురించే.

*ఆట ఆడను, బొమ్మలకి రంగులు వేసే ఓపికా లేదు. కథలు మాత్రం చదవాలనుంది. నేపథ్యమంతా ముందే తెలుసుకోవాలా? మొదట ఏది పట్టుకోవాలి?*
— విజయవాడ పాఠకుడు

నేపథ్యం జోలికి ముందే పోకండి. ఇన్నేళ్లుగా పేరుకుపోయిన చరిత్ర అది. దాన్ని చదవడానికి కూర్చుంటే నవల దాకా రానేరారు. మొదటి పుస్తకానికి ఇంత తెలిస్తే చాలు: ఇప్పటికి 38 వేల ఏళ్ల తర్వాత మనుషులు పది లక్షల గ్రహాల మీద సామ్రాజ్యం నడుపుతుంటారు. వాళ్ల చక్రవర్తి పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం అనే యంత్రంలో చావుకీ బతుక్కీ మధ్య ఉంటాడు, జనం ఆయన్ని దేవుడని కొలుస్తారు. నక్షత్రాల మధ్య ప్రయాణమంతా వార్ప్ అనే మరో లోకం గుండా సాగుతుంది. అక్కడ ఉండేవి దయ్యాలు.

పుస్తకం పేరు జీనోస్ (2001), రచయిత డాన్ అబ్నెట్. ఐసెన్‌హార్న్ త్రయంలో మొదటిది. మాలియస్, హెరెటికస్ కూడా 2002కల్లా వచ్చేశాయి కాబట్టి కథ మధ్యలో వేలాడదు. మూడూ కలిపిన సంపుటం కొనుక్కుంటే విడివిడిగా వెతికే బాధ తప్పుతుంది. తర్వాతి ముద్రణల్లో ద మేగోస్ (2018) కూడా కలిసింది, అది చివర్లోనే చదవాలి.

దీన్నే ఎందుకు చెబుతున్నామంటే, కథానాయకుడు సిపాయి కాదు. ఇన్‌క్విజిటర్, అంటే పైన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేని సీఐడీ లాంటివాడు. నేరస్థుడి వెనకాల పడి ఊళ్లు తిరుగుతాడు, తన కథ తనే చెప్పుకుంటాడు. అతనితోపాటు మనమూ బజార్లూ ఓడలూ పెద్దింటివాళ్ల విందులూ చూసేస్తాం. మొదటి పేజీలే చూడండి. హ్యూబ్రిస్ అనే గ్రహం, అక్కడ ఏడాదికి 29 నెలలు, అందులో 11 నెలలు గడ్డకట్టిన చీకటి. ఆ చీకటి గడిచేదాకా మనుషులు సమాధుల్లాంటి మందిరాల్లో నిద్రాణంగా పడుకుంటారు. బయట దీపపు కర్రలు పట్టుకుని కాపలావాళ్లు తిరుగుతుంటారు. రచయిత ఒక్క పాఠమూ చెప్పడు. అయినా ఈ లోకంలో విజ్ఞానం ఏ రూపంలో ఉందో, ప్రాణం ఖరీదెంతో మొదటి అధ్యాయానికే తెలిసిపోతుంది.

చాలామంది బోర్లాపడేది ఒక్కచోటే. తెలియని మాట కనపడగానే అభిమానుల విజ్ఞానసర్వస్వం తెరుస్తారు. అక్కడ పాత్ర పేరు కొడితే రెండో పేరాలోనే ఆ పాత్ర గతి ఏమైందో రాసి ఉంటుంది. వస్తువుల పేర్లు వెతకండి, మనుషుల పేర్లు వెతక్కండి. అలాగే రావెనర్ త్రయాన్ని దీనికి ముందు చదవకండి, అది దీనికి కొనసాగింపు.

*హోరస్ హెరెసీ వరస మొదలుపెట్టి ఐదు పుస్తకాలు గబగబా ముగించాను. ఆరోది వంద పేజీలు దాటినా హోరస్ జాడే లేదు. మధ్యలో ఏదైనా వదిలేశానా?*
— హైదరాబాద్ పాఠకుడు

మీరేమీ వదల్లేదు. చక్రవర్తి మీద ఆయన కొడుకు హోరస్ చేసిన తిరుగుబాటే ఈ వరస కథ. అట్ట మీది అంకె ప్రచురణ క్రమానిదే గాని కథాక్రమానిది కాదు. ఆరోదైన డిసెంట్ ఆఫ్ ఏంజెల్స్ (2007) తిరుగుబాటుకి చాలా ముందు, కాలిబన్ అనే అడవి గ్రహం మీద మొదలవుతుంది. ఈ వరసలో ఎక్కువమంది పుస్తకం మూసేసేది ఇక్కడే. నిజానికి మీరు చదివిన ఐదోది, ఫుల్‌గ్రిమ్, కూడా వెనక్కి వెళ్లి ఇస్త్వాన్ గ్రహాల మీద జరిగిన ఊచకోతని ఇంకో పక్క నుంచి చూపించిందే. చాలామంది రచయితలు పక్కపక్కనే కూర్చుని రాసిన కథ అది, తిన్నగా ముందుకి నడవదు.

2006 నుంచి 2019 దాకా వచ్చిన 54లో అన్నీ చదవాలన్న నియమం ఎవరూ పెట్టలేదు. 10, 16, 20, 22, 25 అంకెలవి కథా సంకలనాలు, మొదటిసారికి దాటేయొచ్చు. మొదటి మూడూ ఒకే కథ, నాలుగోది దాని తోక, ఐదోది మీకు అయిపోయింది. ఇక్కణ్ణుంచి 12వదైన ఎ థౌజండ్ సన్స్‌కి వెళ్లండి. తర్వాత 14, ద ఫస్ట్ హెరెటిక్. ఈ ద్రోహానికి విత్తనం ఎక్కడ పడిందో అందులో ఉంది. 15, ప్రాస్పెరో బర్న్స్, పన్నెండోదాంట్లో కాలిపోయిన గ్రహాన్ని కాల్చినవాళ్ల వైపు నుంచి చెబుతుంది. ఈ రెంటిలో ఒక్కటే చదివితే సగం తీర్పు విన్నట్టే. ఆ తర్వాత 19, నో నో ఫియర్ (Know No Fear). 24, బిట్రేయర్. చివరికి 41, ద మాస్టర్ ఆఫ్ మ్యాన్‌కైండ్. ఇది చదవకపోతే ఇంటికి నిప్పంటుకుంటుంటే చక్రవర్తి గడప దాటడేమిటని ముట్టడి పుస్తకాల్లో మీకు చిరాకేస్తుంది. ఆ ముట్టడి వరస పేరు సీజ్ ఆఫ్ టెర్రా. 2019, 2024 మధ్య ఎనిమిది పేర్లతో వచ్చింది. ఎనిమిదోది మూడు సంపుటాలు కాబట్టి లెక్కకి పది. దాన్ని మాత్రం అంకెల ప్రకారమే చదవండి.

ఇంకో మాట. ఈ కథ ముగింపు ఆట ఆడేవాళ్లకి 2006కి ఎన్నో ఏళ్ల ముందే తెలుసు. పౌరాణిక నాటకానికి వెళ్లినవాడికి దుర్యోధనుడి తొడ విరుగుతుందని తెలియకనా? అయినా పడక సీను పద్యాల కోసం తెల్లవార్లూ కూర్చోవడం లేదా? ఇదీ అంతే. మొదటి పుస్తకం హోరస్ రైజింగ్ తొలివాక్యమే హోరస్ చక్రవర్తిని చంపిన రోజు గురించి చెబుతుంది. తీరా చూస్తే చచ్చినవాడు ఒక మారుమూల గ్రహం మీద తానే మానవజాతి చక్రవర్తినని చెప్పుకుంటున్న వేరే ఎవరో. అసలు కథ తెలిసినవాడికి ఆ వాక్యం దగ్గర ఒళ్లు జలదరిస్తుంది, తెలియనివాడు పేజీ తిప్పేస్తాడు. హోరస్ తిరగబడతాడన్నది దాచవలసిన రహస్యమేమీ కాదు. ముందే తెలుసుకుని చదవండి.

*240.ఎం41 అని రాస్తారు. అది ఏ సంవత్సరం?*
— గుంటూరు పాఠకురాలు

40,240. ఎం41 అంటే 41వ సహస్రాబ్ది. 21వ శతాబ్దంలో ఏళ్లు ఇరవైతో మొదలైనట్టే ఇందులో నలభైతో మొదలవుతాయి. హోరస్ తిరుగుబాటు ఎం31 అని చదివి 31 వేల చిల్లర అనుకుంటారు చాలామంది, అది 30 వేల చిల్లర. ఒక్కోచోట చుక్కకి ముందు ఏడంకెలు ఉంటాయి, ఉదాహరణకి 0500240.ఎం41. చివరి మూడూ సంవత్సరం. వాటికి ముందున్న మూడూ ఏడాదిని వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఎన్నోదో చెబుతాయి, ఇక్కడ 500 కాబట్టి ఏడాది సగం. మొట్టమొదటి అంకె ఆ తేదీని ఎంత నమ్మొచ్చో చెబుతుంది. సున్నా అయితే భూమి మీద రాసిన తేదీ, తొమ్మిది అయితే ఉజ్జాయింపు. వార్ప్‌లో కాలం సరిగ్గా నడవదు, అందుకే ఈ ఏర్పాటు.

*కారులో ఆడియో పుస్తకాలు వింటాను. ఈ నవలల్లో మాటలు చెవికి పట్టడం లేదు. ఏం చేయాలి?*
— డాలస్ పాఠకుడు

మొదటి పుస్తకం కంటితోనే చదవండి, రెండోదాన్నుంచి వినండి. అక్షరాల్లో ఒకసారి చూసిన పేరు చెవి పట్టుకుంటుంది. అలా కుదరదంటే ఈ కాసిని మాటలూ చీటీ మీద రాసుకోండి. టెర్రా మన భూమే. వాక్స్ అంటే రేడియో, ఆస్పెక్స్ అంటే చుట్టూ ఏముందో కనిపెట్టే పరికరం. ప్రొమీథియం ఇంధనం. ఆస్టార్టెస్ అంటే స్పేస్ మెరీన్లు, ఒళ్లు మార్చి తయారుచేసిన మహాసైనికులు, మామూలు మనిషికి తల ఎత్తి చూడాల్సినంత పొడుగు. సైకర్ అంటే వార్ప్ శక్తిని మనసుతో వాడగలిగినవాడు. సర్విటర్ దగ్గర కాస్త ఆగండి, రోబో అనుకుని వినేస్తే ఆ లోకంలో భయంకరమైన సంగతి ఒకటి తప్పిపోతుంది: అది మెదడు కోసేసి యంత్రంలో బిగించిన మనిషి.

మెషీన్ స్పిరిట్ అన్న మాటకి విదేశీ పాఠకులకి పేజీలకి పేజీలు వివరణ కావాలి. తుపాకీ పేలాలంటే దానికి నూనె పూసి మంత్రం చదవాలంటే వాళ్లకి వింత. దసరాకి లారీకి బొట్టు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

*అన్నీ చావులూ యుద్ధాలేనా? నవ్వుకునేవి లేవా?*
— విశాఖపట్నం పాఠకురాలు

ఉన్నాయి. శాండీ మిచెల్ రాసే కయాఫస్ కెయిన్ నవలలు 2003లో ఫర్ ది ఎంపరర్‌తో మొదలయ్యాయి. లోకమంతా మహావీరుడని పొగిడే ఒక కమిస్సార్, తను వట్టి పిరికివాణ్ణని చాటుగా ఆత్మకథ రాసుకుంటాడు. దాన్ని తర్వాత ఒక ఇన్‌క్విజిటర్ సవరించి కింద పాదసూచికలు తగిలిస్తుంది. ఆ పాదసూచికలు దాటేయకండి, సగం చమత్కారం వాటిలోనే ఉంది. అయితే వెనకడుగు వేసిన సొంత సిపాయినే కాల్చేయడం కమిస్సార్ ఉద్యోగమని తెలిస్తేనే ఈ హాస్యం పండుతుంది. కాబట్టి ముందు అబ్నెట్ రాసిన గాంట్స్ ఘోస్ట్స్ వరసలో ఫస్ట్ అండ్ ఓన్లీ (1999), మూడోదైన నెక్రోపోలిస్ చదవండి. మధ్యలో ఘోస్ట్‌మేకర్ చిన్న కథల కూర్పు, తర్వాతైనా చూసుకోవచ్చు.

రాబర్ట్ రాత్ రాసిన ది ఇన్ఫినిట్ అండ్ ది డివైన్ (2020) ఇంకా మంచిది. అందులో మనుషులు నాయకులు కారు. లోహపు ఒంట్లో చావులేకుండా బతికే ఇద్దరు నెక్రాన్లు, ఒకడు వస్తువులు పోగేసేవాడు, ఒకడు జ్యోతిష్కుడు, ఒక్క వస్తువు కోసం వేల ఏళ్లు కొట్టుకుంటారు. పొలం గట్టు తగాదాతో తరాల తరబడి కోర్టు చుట్టూ తిరిగే పాలివాళ్లని చూసినవాళ్లెవరికైనా పేజీ పేజీకీ నవ్వొస్తుంది. విడి నవల, ముందూ వెనకా ఏదీ చదవనక్కర్లేదు.

*మావాడికి పదకొండేళ్లు. బొమ్మలు చూసి ఈ పుస్తకాలు కావాలంటున్నాడు. ఇవ్వొచ్చా?*
— వరంగల్ నుంచి ఒక తల్లి

పైన చెప్పినవేవీ ఇవ్వకండి. చిత్రహింసలుంటాయి. పైగా ఈ సామ్రాజ్యం ఆదర్శం కాదు, క్రూరమైన నియంతృత్వం. రచయితలు ఆ మాట వెటకారంగా చెబుతుంటే పిల్లలు పొగడ్త అనుకుంటారు. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్ల కోసమే కావన్ స్కాట్ రాసిన వార్ప్‌డ్ గ్యాలక్సీస్ వరస ఉంది. అందులో మొదటిది అటాక్ ఆఫ్ ది నెక్రాన్ (2019).

*డార్క్ ఇంపీరియం పాత పుస్తకాల షాపులో కొన్నాను. స్నేహితుడి కాపీలో, నా కాపీలో కాలం లెక్కలు వేరుగా ఉన్నాయి. నాది దొంగ ముద్రణా?*
— తిరుపతి పాఠకుడు

కాదు, రెండూ అసలువే. గై హేలీ నవల మొదట 2017లో, ఆట ఎనిమిదో ఎడిషన్‌తోపాటు వచ్చింది. అందులో చక్రవర్తి కొడుకుల్లో ఒకడైన గిలిమన్ వేల ఏళ్ల నిద్ర నుంచి మేలుకున్నాక కథ నూరేళ్లకి పైగా ముందుకి దూకేస్తుంది. మధ్య కాలంలో వేరే కథలకి చోటు లేకుండా పోయిందని ఆ దూరాన్ని డజను ఏళ్లకి కుదించి 2021లో సవరించి వేశారు. మీ కాపీలో కాపీరైట్ పేజీ తీసి ఏ ఏడాది ముద్రణో చూడండి. 2017ది అయితే కథ చదవడానికి ఇబ్బందేమీ లేదు గాని, తర్వాత వచ్చిన నవలల తేదీలు దానితో కలవవు. ఈ వరసలో మిగతా రెండూ, ప్లేగ్ వార్, గాడ్‌బ్లైట్, కొనేటప్పుడు ప్లేగ్ వార్ కూడా సవరించిన ముద్రణే అడగండి. గాడ్‌బ్లైట్‌కి ఆ గొడవ లేదు, అది వచ్చిందే 2021లో.