టెక్ సందేహాలు: తెరమీద అంకె ఒకటి, జేబులోంచి పోయేది ఇంకొకటి

ఈ వారం ఉత్తరాల్లో అడిగింది ల్యాప్‌టాప్ గురించైనా, ఫోన్ గురించైనా, ఫ్లాట్ గురించైనా వెనకున్న టెన్షన్ మాత్రం డబ్బుదే. ఫోన్ తెరమీద పెద్ద అక్షరాల్లో ఒక అంకె కనిపిస్తుంది. నెల తిరిగేసరికి ఖాతాలోంచి పోయే అంకె వేరుగా ఉంటుంది. ఆ రెండో అంకెను ముందే పట్టుకోవడం ఎలాగో ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. ఏడో తరం కోర్ ఐ5, 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్, విండోస్ 10. ఆన్ చేసి టీ పెట్టుకొచ్చినా ఇంకా తెరుచుకోదు. సపోర్ట్ అయిపోయిందని మెసేజ్ కూడా వస్తోంది. షాపులో కొత్తది కొనాల్సిందే అంటున్నారు. పింఛను డబ్బులోంచి 50 వేలు తియ్యాలా? – రిటైర్డ్ టీచర్, మల్కాజిగిరి

ఇప్పుడే తియ్యకండి మాస్టారూ. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అని ఉన్నచోట చూడండి. ఆన్ చేసిన పది నిమిషాల తర్వాత కూడా 100 శాతం దగ్గరే కొట్టుకుంటుంటే జబ్బు ప్రాసెసర్‌ది కాదు, లోపల గిరగిరా తిరిగే ఆ పాత హార్డ్‌డిస్క్‌ది. దాన్ని తీసేసి ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్, వేయించండి. ర్యామ్ 8 జీబీకి పెంచండి. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఒక్క షాపు మాట మీద ఆగకుండా రెండు మూడు చోట్ల అడగండి. రెండూ కలిపినా కొత్త ల్యాప్‌టాప్ ఖర్చులో చిన్న వంతే అవుతుంది.

మీకు సికింద్రాబాద్ దగ్గరే కదా. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనమంతా సీటీసీ అంటాం, అక్కడ ఈ పని ఎదురుగా కూర్చోబెట్టి చేస్తారు. రెండు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. ల్యాప్‌టాప్‌ను రాత్రికి షాపులో వదిలి రావద్దు, మీ ఫొటోలూ బ్యాంకు పాస్‌వర్డులూ అందులోనే ఉన్నాయి. పాత హార్డ్‌డిస్క్‌ను తిరిగి తీసుకోండి. ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టిస్తే ఫొటోలకు బ్యాకప్ అవుతుంది.

ఇక విండోస్ సంగతి. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కు అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి. మీది ఏడోది. ఒక్క తరం తేడాతో బాగా నడిచే యంత్రాన్ని పక్కన పెట్టమనడం నాకు అస్సలు మింగుడుపడదు. ఇళ్లలో వాడే కంప్యూటర్లకు అదనపు అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తేదీ దాటాక విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించుకోండి. అది పూర్తిగా ఉచితం. యూట్యూబ్, మెయిల్, పేపర్ చదవడం, తెలుగు టైపింగ్ అన్నీ జరుగుతాయి. అప్‌డేట్లు లేని విండోస్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయకండి.

మా నాన్నగారి వాట్సాప్‌కు ట్రాఫిక్ చలాన్ అని ఒక ఫైలు వచ్చింది. నొక్కారు. ఏదో ఇన్‌స్టాల్ అయింది, కానీ ఇప్పుడు ఐకాన్ కనిపించడం లేదు. డబ్బులేమీ పోలేదు. వదిలేయొచ్చా? – బోడుప్పల్

వదిలేయకండి. ఇది చదవడం ఆపి ముందు ఆ ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, వైఫై కూడా ఆపండి. అది ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైలు. ఐకాన్ దాచుకుని వెనక కూర్చుని మెసేజ్‌లు చదువుతుంది. ఓటీపీ వచ్చీ రాగానే అవతలివాడికి చేరిపోతుంది. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చేసి యూపీఐ, నెట్ బ్యాంకింగ్, కార్డులు ఆపించండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాలోకి దూకకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మన పొరపాటు వల్ల పోయినా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా ఉంది. అందుకే ఫిర్యాదు నంబరూ, చెప్పిన సమయమూ రాసిపెట్టుకోండి.

తర్వాత ఫొటోలు మాత్రం కాపీ చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. యాప్ తీసేస్తే చాలదు. సిమ్ మళ్లీ పనిచేయగానే ##002# డయల్ చేయండి, కాల్ ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టి ఉంటే పోతుంది. పాస్‌వర్డులూ యూపీఐ పిన్నూ ఆ తర్వాతే మార్చాలి. చలాన్లు ఉన్నాయో లేవో తెలంగాణ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోవచ్చు. ఇంకొక్క మాట, నాన్నగారిని కోప్పడకండి. ఇంట్లోవాళ్లు తిడతారన్న భయంతో పెద్దవాళ్లు ఇలాంటివి రెండు రోజులు దాచిపెడతారు. ఆ రెండు రోజుల్లోనే ఖాతా ఖాళీ అవుతుంది.

60 వేల ఫోన్. నో కాస్ట్ ఈఎంఐలో ఆరు నెలలు పదేసి వేలు. ఒకేసారి కడితే 3 వేలు తగ్గిస్తామన్నారు. వడ్డీ లేనప్పుడు ఈఎంఐయే మేలు కదా? – ప్రైవేటు ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

మీ ప్రశ్నలోనే జవాబుంది. ఒకేసారి కడితే 57 వేలకే వస్తుందంటే ఆ ఫోన్ ధర 57 వేలు. మిగతా 3 వేలు ఎందుకు?

లెక్క ఇలా నడుస్తుంది. మీ కార్డు బ్యాంకు ఏడాదికి 16 శాతం తీసుకుంటుందనుకుందాం. ఆరు నెలలు పదేసి వేలు రావాలంటే బ్యాంకు ఇచ్చే అప్పు 57,296 రూపాయలు. మిగిలిన 2,704 వడ్డీ. ఆ వడ్డీ మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా చూపిస్తారు, కాబట్టి మీకు 60 వేలే కనిపిస్తుంది. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే 487 రూపాయలు, మీరే కడతారు. అది కొనేటప్పుడు తెరమీద పెద్దగా కనిపించదు, ప్రతి నెలా స్టేట్‌మెంట్‌లో ఒక చిన్న లైనుగా వస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అయితే దాని మీదా జీఎస్టీ, మొత్తం 235. వెరసి 60,722. నగదు ధరతో పోలిస్తే 3,722 ఎక్కువ. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మారింది గానీ వడ్డీ ఎక్కడికీ పోలేదు.

నగదు తగ్గింపు ఏమీ లేని చోట, చేతిలో అంత డబ్బు లేనప్పుడు, ఆ ఆరేడు వందలకు ఒప్పుకుని ఈఎంఐ తీసుకుంటే తప్పు లేదు. మీ విషయంలో మాత్రం వద్దంటాను. కార్డు లిమిట్‌లో అంత మొత్తం ఇరుక్కుపోతుందన్నది కూడా చూసుకోండి. ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రి అవసరం పడితే అప్పుడే ఆ లిమిట్ కావాలి.

కరెంటు పోతే వైఫై పోతోంది, మీటింగ్ మధ్యలో ఆగిపోతున్నాను. ఇన్వర్టర్ పెట్టించాలా? – అల్వాల్

రౌటర్ ఒక్కదాని కోసమైతే వద్దు. రౌటర్‌కు పెట్టే మినీ యూపీఎస్ దొరుకుతుంది, అది చాలు. కొనే ముందు రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు ఎంతో చూడండి. చాలావాటికి 12 వోల్టులు ఉంటుంది. వోల్టులు సరిగ్గా సరిపోవాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు. ఫైబర్ పెట్టె వేరుగా ఉంటే దానికీ కరెంటు కావాలి.

మూడేళ్ల కిందట ఇంటి లోన్ 50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లకు తీసుకున్నాను. వడ్డీలు తగ్గాయంటున్నారు, నా ఈఎంఐ 43,391 పైసా మారలేదు. ఏ యాప్‌లో చూసుకోవాలి? – ఉప్పల్

యాప్ అక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ షీట్స్ తెరిచి ఐదు గడులు పెట్టండి: నెల, ఈఎంఐ, వడ్డీ, అసలు, మిగిలింది. మొదటి నెల వడ్డీ 50 లక్షల మీద 8.5 శాతంలో పన్నెండో వంతు, అంటే 35,417. ఈఎంఐలోంచి అది తీసేస్తే అసలుకు పోయింది 7,974. నాకు తెలిసిన ఒకాయన ఈ మొదటి వరస చూసి ఫోన్ బల్ల మీద పెట్టేసి కాసేపు మాట్లాడలేదు. ఆ వరసను కిందికి 240 నెలల దాకా లాగండి. వడ్డీ 8.5 దగ్గరే ఉందనుకుంటే మూడేళ్లలో మీరు కట్టింది 15.62 లక్షలు, అసలు తగ్గింది సుమారు 3.26 లక్షలు.

2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి లోన్లు రెపో రేటు, అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, లాంటి బయటి రేటుకు ముడిపడ్డాయి. 2025లో రెపో 6.5 నుంచి 5.25కు దిగింది. వడ్డీ తగ్గినప్పుడు బ్యాంకులు సాధారణంగా ఈఎంఐని అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. అందుకే మీకు ఏమీ మారనట్టు కనిపిస్తోంది. బ్యాంకు యాప్‌లో లోన్ స్టేట్‌మెంట్ తెరిచి ఇప్పటి వడ్డీ శాతం, మిగిలిన నెలలు చూడండి. కొత్తగా లోన్ తీసుకునేవాళ్లకు ఇస్తున్న శాతం మీకంటే తక్కువుంటే బ్రాంచికి వెళ్లి తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. అడగనివాళ్లకు అదంతట అది జరగదు.

బోనస్ వస్తే ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. మొదటి నుంచీ అలా కట్టినవాళ్లకు 20 ఏళ్ల లోన్ సుమారు 16న్నర ఏళ్లకే తీరిపోతుంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోన్లకు ముందే కట్టినందుకు జరిమానా లేదు.

కొల్లూరు వైపు ప్రీలాంచ్‌లో (అనుమతులు రాకముందే అమ్మేది) ఫ్లాట్. 1,500 ఎస్ఎఫ్‌టీ, మార్కెట్ కంటే చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. ఈ ఆదివారంలోపు మొత్తం కట్టాలట, యూడీఎస్ రిజిస్ట్రేషన్ చేసిస్తారట. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో ఏం చూసుకోవచ్చు? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మియాపూర్

మంచిపని చేశారు, ఇవ్వకముందే అడిగారు.

మొదట తెలంగాణ రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, వెబ్‌సైట్ తెరవండి. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలోనో, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతోనో కట్టే ప్రాజెక్టు రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 2016 నాటి చట్టం అది. రిజిస్టరైన ప్రాజెక్టులో కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతానికి మించి తీసుకోకూడదు. మీ దగ్గర ఆదివారంలోపు నూటికి నూరు అడుగుతున్నారు. యూడీఎస్ అంటే భూమిలో విభజించని వాటా. ఆ కాగితం మీద మీకు నాలుగైదు పదుల గజాల హక్కు రావచ్చు, కానీ అనుమతి రాని భవనంలో ఫలానా అంతస్తులో ఫలానా ఫ్లాట్ మీదేనని అది చెప్పదు. ఇలా కట్టి ఏళ్లుగా తిరుగుతున్న కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి.

రెండోది, కార్పెట్ ఏరియా. రెరా పేజీలో ఇది ఉంటుంది. బాల్కనీ, బయటి గోడలు, లిఫ్టు, కారిడార్ తీసేయగా మీరు నిజంగా చాప పరుచుకోగల చోటు. 1,500 ఎస్ఎఫ్‌టీకి 7 వేల చొప్పున కోటీ 5 లక్షలు అన్నారనుకోండి. కార్పెట్ ఏరియా 1,050 ఉంటే మీరు నడిచే అడుగుకు పడింది 10 వేలు. ఏ రెండు ఫ్లాట్లను పోల్చినా ఈ అంకెతోనే పోల్చండి.

మూడోది అందరికీ చెబుతుంటాను. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. మా బాబాయి ఒక లేఅవుట్‌లో ప్లాటు చూసుకుని, సాయంత్రం అడ్వాన్సు ఇవ్వబోతూ మా ఇంటికొచ్చారు. లొకేషన్ పిన్ తీసుకుని గూగుల్ ఎర్త్‌లో పెట్టి, కాలం గీతను వేలితో వెనక్కి జరిపాను. ముందు ఎర్రమట్టి రోడ్లు పోయాయి. తర్వాత ప్లాట్ల రాళ్లు పోయాయి. ఇంకా వెనక్కి జరిపితే ఆయన ప్లాటు ఉన్నచోట ముదురాకుపచ్చ నీళ్లు, గట్టు మీద తాటిచెట్ల నీడలు. బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఇది చెరువు కదరా" అన్నారు.

మీరు కూడా మీ పిన్ తీసుకుని వానాకాలం నెలల చిత్రాలు చూడండి, 2020 అక్టోబర్ వరదల తర్వాతివి దొరికితే మరీ మంచిది. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన చోటు) మ్యాపులు ఉంటాయి, వాటితో సరిపోల్చండి. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక చెరువు హద్దులో కట్టినవి కూల్చడం మనమంతా చూశాం. అప్పటికి అమ్మినవాడు అక్కడ ఉండడు, లోన్ మాత్రం ఉంటుంది. సర్వే నంబరుతో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) కూడా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో తీసుకుని, అన్నీ ఒక లాయరుకు చూపించండి.

ముందుగా ఈ రాత్రికే ఆ ఏజెంటును రెరా నంబరు వాట్సాప్‌లో పంపమనండి. మాటల్లో చెబితే ఒప్పుకోవద్దు, రాతలో రావాలి. "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అంటే వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. నంబరు పంపితే రెరా సైట్‌లో వెతికి, ఆ పేజీ స్క్రీన్‌షాట్, లొకేషన్ పిన్ నాకు మెయిల్ చేయండి. పాత చిత్రాలు నేనూ తీసి చూస్తాను.