కార్నియా మార్పిడి జరిగి ఏడాది దాటినా చుక్కల మందు ఎందుకు?

కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మార్చే ఆపరేషన్ అయి ఏడాది దాటింది, చూపు బాగుంది, ఇంకా స్టెరాయిడ్ చుక్కలు ఎందుకని అడిగారు. తిరస్కరణ ముప్పు, అంటే దాత కార్నియాపై మీ శరీరమే దాడి చేసే ముప్పు, ఇంకా పోలేదు కాబట్టి. ఆ దాడిని అణచేవే ఈ చుక్కలు.

మామూలుగా కార్నియాలో రక్తనాళాలు ఉండవు. రోగనిరోధక కణాలు అక్కడికి అంత సులువుగా చేరలేవు. అందుకే కిడ్నీ మార్పిడిలోలా చాలామందికి జీవితాంతం మాత్రలు మింగే అవసరం రాదు. కానీ పాత ఇన్ఫెక్షన్ వల్లో దెబ్బ వల్లో రక్తనాళాలు లోపలికి పాకి ఉంటే, ఆ దారినే తెల్ల రక్తకణాలు వచ్చి దాత కణాలను పరాయివిగా గుర్తించి దాడి చేస్తాయి.

అసలు నష్టం లోపలి పొర ఎండోథీలియానికి. ఒకే ఒక్క వరస కణాలు. కార్నియాలోకి ఊరే నీటిని అవి ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంటాయి. చచ్చిన వాటి స్థానంలో కొత్తవి పుట్టవు. అవి బాగా తగ్గిపోతే కార్నియా ఉబ్బి, ఆవిరి పట్టిన అద్దంలా మసకబారుతుంది.

కన్ను ఎర్రబడినా, వెలుతురు చూడలేకపోయినా, నొప్పి వచ్చినా, చూపు మందగించినా రేపటిదాకా ఆగకండి, అదే రోజు చూపించుకోండి. వెంటనే స్టెరాయిడ్ పెంచితే చాలాసార్లు కార్నియా దక్కుతుంది. ఏళ్ల తర్వాత కూడా తిరస్కరణ రావచ్చు. ఈ చుక్కలతో కంటి ఒత్తిడి పెరిగే అవకాశమూ ఉంది, కాబట్టి తగ్గించాలన్నా ఆపాలన్నా ఒత్తిడి కొలిచి డాక్టరే చెప్పాలి.