ఢిల్లీ మస్టాంగ్‌కు ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. పలాసలో జీడిపప్పు వ్యాపారం. స్పోర్ట్స్ కారు కొనాలని ఎప్పటినుంచో కోరిక. ఢిల్లీలో ఒక డీలరు దగ్గర 2018 ఫోర్డ్ మస్టాంగ్ 38 లక్షలకు ఉంది. పది లక్షలు నగదుగా ఇస్తే 36కి ఇస్తానంటున్నాడు. 30 లక్షలు లోన్ పెట్టి, మిగతాది వ్యాపారం సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతాలోంచి తీద్దామనుకుంటున్నాను. ఫర్మ్ పేరు మీద కొంటే జీఎస్టీ వెనక్కి వస్తుందని మా బావమరిది అంటున్నాడు. ఇది మంచి బేరమేనా?

జవాబు: కొనొద్దని చెప్పను. కోరిక మీది, సంపాదన మీది. అయితే 38 లక్షలన్నది ఢిల్లీ ధర. ఏపీ నంబరు పడి, ఇన్సూరెన్స్ మీ పేరుకి మారి, బండి పలాస చేరేసరికి ఎంతవుతుందన్నదే మీకు అసలు ధర.

అందులో పెద్ద ముక్క లైఫ్ ట్యాక్స్. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే మన నంబరు తీసుకోవాల్సిందే, మన రాష్ట్రానికి పన్ను కట్టాల్సిందే. బండి వయసు పెరిగేకొద్దీ పన్ను శాతం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ శాతాన్ని లెక్కగట్టేది మీరిచ్చే 38 లక్షల మీద కాదు, బండి కొత్తప్పటి ధర మీద. మస్టాంగ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడే ఎక్స్‌షోరూమ్ 65 లక్షలు. లెక్క కోసం పది శాతమే అనుకున్నా ఆరున్నర లక్షలు. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ, ఇన్‌వాయిస్ కాపీలు తెప్పించుకుని శ్రీకాకుళంలో రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లి అసలు అంకె కనుక్కోండి. ఢిల్లీలో కట్టిన రోడ్డు ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి వాపసు అడిగే వీలుంది. అది పాత ఓనరు చేతికి వెళ్తుంది కనుక, ఆ మేరకు ధర ముందే తగ్గించమనండి. ఢిల్లీ రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్ఓసీ), అంటే ఫారం 28, చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. బండి మీద పాత లోన్ ఉంటే అది తీరినట్టు ఫారం 35 కూడా కావాలి.

నగదు మాట మర్చిపోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. జరిమానా తీసుకున్నవాడికే, అదీ తీసుకున్నంత మొత్తం. అది తెలిసీ అడుగుతున్న డీలరు మిగతా కాగితాల్లో ఎంత శుభ్రంగా ఉంటాడో మీరే ఆలోచించండి. బిల్లుతో కొంటే 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను, పడొచ్చు. అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు.

మీ బావమరిది చెప్పింది సగం కూడా నిజం కాదు. మీలాంటి వ్యాపారికి ఇలాంటి కారు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి (ఇన్‌పుట్ క్రెడిట్‌గా) రాదు. కారు విలువ తరుగుదలను ఏడాదికి 15 శాతం చొప్పున వ్యాపార ఖర్చుగా చూపించొచ్చు, అదీ వ్యాపారానికి వాడినంత మేరకే. జీడిపిక్కల బస్తాలు మస్టాంగ్‌లో తెచ్చానని ఏ ఆడిటరుకీ చెప్పలేరు.

బేరంలో మీకు బలం లేకపోలేదు. ఐదు లీటర్ల వీ8 పెట్రోలు ఇంజను బండి కొనేవాళ్లు తక్కువ. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేయడంతో వాళ్లు ఇంకా తగ్గారు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్లకు సెస్సు ఎత్తేసి జీఎస్టీ 40 శాతం చేశారు. అంతకుముందు రెండూ కలిపి 50 శాతం దాకా ఉండేది. కొత్తవాటి ధర దిగాక పాతవాటి ధర అలాగే ఉంటుందా అని డీలర్ని అడగండి. ఫోర్డ్ సర్వీసు హిస్టరీ తెప్పించుకోండి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడండి. వరదలో మునిగిన బండి అక్కడే దొరికిపోతుంది. క్లెయిమ్ చేయనందుకు పాత ఓనరుకి ఇన్సూరెన్స్‌లో దక్కిన తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) మీకు రాదు. ఈ వయసు బండికి జీరో డెప్, అంటే విడిభాగాల తరుగు కోయకుండా క్లెయిమ్ ఇచ్చే పాలసీ, ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. ఊరి స్పీడ్ బ్రేకరుకి ముందు బంపరు తగిలితే ఖర్చులో చాలా భాగం మీ జేబులోంచే. పెట్రోలు సంగతి మీరు అడగలేదు, నేనూ ఎత్తను.

నాకు నిజంగా భయం వేసింది సీసీ ఖాతా మాటకే. అది పిక్కలు కొనడానికి బ్యాంకు ఇచ్చిన డబ్బు. దాన్ని కారుకి మళ్లించడం బ్యాంకు నిబంధనలకు విరుద్ధం. సీజన్లో రేటు బాగున్నప్పుడు మీ చేతిలో లిమిట్ మిగలదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడి తోటల్ని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా? ఆరు నెలల కూలీలు, వడ్డీలు, ఇంటి ఖర్చు విడిగా ఉన్నాకే కారు.

లోన్ కూడా ఎక్కువే. 30 లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లయితే నెలకి రమారమి 66,700. వడ్డీయే పది లక్షలు దాటుతుంది. 15 లక్షలు మూడేళ్లకి పెడితే నెలకి 49,800, వడ్డీ మూడు లక్షల లోపే. మిగతాది ఈ సీజన్ సరుకు అమ్ముడయ్యాక మీ లాభంలోంచి పెట్టండి. అప్పటికి ఈ బండి పోతే పోనీయండి. హైదరాబాద్‌లో, బెంగళూరులో కూడా మస్టాంగ్‌లు అమ్మకానికి వస్తుంటాయి. మీ స్థానంలో నేనుంటే లైఫ్ ట్యాక్స్ అంకె తెలిశాక 30 దగ్గర మాట మొదలుపెట్టి, ఎన్ఓసీతో సహా 33 దాటకుండా ఆగేవాణ్ని.